రంగేసి అమ్ముతున్న పాత గర్డర్లు, గుమ్మాలతో జాగ్రత్త: గీకి చూడకుండా లారీ ఎక్కించొద్దు

కూల్చిన ఇళ్ల సామాను కొని కట్టుబడి ఖర్చు తగ్గించుకుందామనుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి. పాత సామాను వాడొద్దని చెప్పడానికి రాయడం లేదు. నిజానికి మంచి చేవ ఉన్న పాత చెక్క దొరికితే కొత్తదాని వంక చూడనక్కర్లేదు. నా గోలంతా అమ్మకానికి ముందు ముస్తాబు చేసిన సరుకు గురించే.

షెడ్డుకు గర్డర్లు, లోపలి గదులకు గుమ్మాలు, కొంత ఇటుక, అన్నీ ఒకే పాత సామాను డిపోలో తీసుకున్నాం. గర్డర్లు నున్నగా, ఎర్రగా రెడ్ ఆక్సైడ్ కొట్టి వరసగా పేర్చి ఉన్నాయి. "తుప్పు పట్టకుండా మేమే వేయించాం సార్, మీకు ఆ ఖర్చు కూడా మిగిలింది" అన్నాడు ఓనరు. సరుకు దిగాక వెల్డర్ ఒక గర్డరు చివర ప్లేటు అతికించడానికి గ్రైండర్ పెట్టాడు. ఇనుముకు గ్రైండర్ తగిలితే నిప్పురవ్వలు రావాలి. రాలేదు. బూడిదరంగు పొడి లేచింది. "ఇది ఇనుము కాదన్నా, లప్పం" అని స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే అతుకు పెచ్చులా ఊడొచ్చింది. దాని కింద మధ్యపలక, అంటే పై రెక్కనూ కింది రెక్కనూ కలిపే నిలువు పలక, గుంటలు గుంటలుగా తినేసి ఉంది. ఒకచోట స్క్రూడ్రైవర్ అవతలికి వచ్చింది.

ఓనర్ని అడిగితే "చివర్లే కదండీ పోయింది, మధ్యలో గట్టిగానే ఉంది" అన్నాడు. ఈ మాట మీకూ చెబుతారు, నమ్మకండి. గర్డరు చివర గోడలో దూరి ఉంటుంది. గోడ చెమ్మంతా అక్కడే పట్టుకుంటుంది కాబట్టి తుప్పు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. పై బరువంతా గోడలోకి దిగేది కూడా ఆ చివర ఉన్న సన్నటి నిలువు పలక గుండానే. ఇక మధ్యభాగంలో అసలు కష్టపడేది కింది రెక్క. బరువు పడ్డప్పుడు లాగుడంతా దాని మీదే ఉంటుంది. అక్కడ పాత బోల్టు రంధ్రాలుంటే ఆ మేరకు బలం తగ్గినట్టే. మాకు వచ్చినవాటిలో ఒకటి ఇంకా ఘోరం. రెండు పొట్టి ముక్కలు సరిగ్గా నడిమధ్యలో వెల్డింగ్ చేసి, సాపు చేసి, రంగేశారు. ఎండలో ఏటవాలుగా చూస్తే తప్ప అతుకు తెలియదు.

అన్నట్టు, గర్డర్లు తూకం మీద అమ్ముతారు. అంటే లప్పం కూడా ఇనుము రేటుకే కొన్నాం.

డిపోకు వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం, మందం కొలిచే వెర్నియర్, చిన్న సుత్తి జేబులో వేసుకోండి. అయస్కాంతాన్ని గర్డరు పొడవునా జరుపుతూ పోతే, మందంగా లప్పం ఉన్నచోట పట్టు సడలుతుంది. రెక్క మందం ఒక్కచోట కాదు, రెండు చివర్లా, మధ్యలోనూ కొలవండి. తూకం కూడా గుట్టు చెబుతుంది. ఉక్కు ఘనపు మీటరుకు 7850 కిలోలు. అంటే 10 మిల్లీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు 78.5 కిలోలు తూగాలి. కొలతల ప్రకారం రావాల్సిన బరువుకూ కాటా మీద బరువుకూ తేడా బాగా ఉంటే అక్కడే ఆగిపోండి. అన్నిటికంటే సులువు, రంగు వేయని సరుకు చూపించమనడం. తుప్పు కనిపిస్తే భయపడక్కర్లేదు, వైరు బ్రష్‌తో రుద్దితే అది పైపొరా, లోతు గుంటా అన్నది తేలిపోతుంది.

గుమ్మాల సంగతి ఆలస్యంగా బయటపడింది. చిక్కటి ముదురు పాలిష్, చూడముచ్చటగా ఉన్నాయి. బిగించిన కొన్నాళ్లకు గుమ్మం మొదట్లో గోధుమపిండి లాంటి మెత్తటి పొడి రాలడం మొదలైంది. ఊడిస్తే మర్నాటికి మళ్లీ అంతే. వడ్రంగి ఉలితో పాలిష్ గీకితే పురుగు తొలిచిన ఒకటి రెండు మిల్లీమీటర్ల చిల్లులు వరసగా బయటపడ్డాయి. వాటిని మైనంలో రంపంపొట్టు కలిపి పూడ్చారు. ఈ పురుగు తినేది చేవను కాదు, అంచుల్లో ఉండే తెల్లచెక్కను. పైన పాలిష్ వేస్తే లోపలి పురుగు చావదు, నెలల తరబడి తిని, పాలిష్‌కే చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. అందుకే గుమ్మం ముందువైపు చూడకండి. గోడవైపు ఉండే వెనక భాగం, నేలకు ఆనే చివర చూడండి, ముస్తాబు చేసేవాళ్లు అక్కడిదాకా పోరు. కత్తిమొనతో నొక్కితే దిగబడకూడదు. సుత్తితో తడితే డొల్ల శబ్దం రాకూడదు.

రంగున్న పాత తలుపులైతే ఇంకో టెన్షన్ ఉంది. పాతకాలం పెయింట్లలో సీసం విరివిగా వాడేవాళ్లు. అమెరికాలో ఇళ్ల పెయింట్లలో దాన్ని నిషేధించింది 1978లో, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యంగా. శరీరంలో ఇంత సీసం ఉన్నా పర్లేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలున్న ఇంట్లో ఆ తలుపులకు పొడి సాండ్‌పేపర్ పెట్టొద్దు. పాత సిమెంటు రేకులైతే అసలు కొననే వద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, కోసినా చిల్లు పెట్టినా లేచే పోగులు క్యాన్సర్ తెస్తాయి.

వంకరలు తీసి సాపు చేసిన పాత రాడ్లు కూడా తీసుకోమని ఓనరు బలవంతం చేశాడు. మా మేస్త్రి అడ్డుపడ్డాడు కాబట్టి బతికిపోయాం. టీఎంటీ రాడ్డుకు బలం బయటి గట్టి పొరలో ఉంటుంది. ఒకసారి వంచి, మళ్లీ సాపు చేస్తే రాడ్డు మీది ఉబ్బెత్తు గీతల మొదళ్లలో సన్నటి చీలికలు పడొచ్చు. ఎర్రగా కాల్చి సాపు చేస్తే ఆ పొర గట్టిదనమే పోతుంది. కంచెకో, మొక్కల పందిరికో వాడుకోండి. స్లాబుకు, పిల్లర్లకు వద్దు. పైగా తుప్పుతో ఎంత అరిగిందో తూకం వేస్తే గానీ తెలియదు. రాడ్డు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, మళ్లీ అదే సంఖ్యతో గుణించి, 162తో భాగిస్తే మీటరు రాడ్డు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం అయితే దాదాపు 0.89 కిలో.

ఇటుకలు మాత్రం బాగున్నాయి, అది ఒప్పుకోవాలి. సున్నంతో కట్టిన గోడవి కాబట్టి శుభ్రంగా విడివడ్డాయి. సిమెంటుతో కట్టినవైతే మాలు ఇటుక ముఖాన్ని కూడా పీక్కుని వస్తుంది, వాటి జోలికి పోకండి.

గుమ్మాలు ఓనరు సగం డబ్బుకు వెనక్కి తీసుకున్నాడు. గర్డర్లు తీసుకోలేదు. బిల్లులో "పాత ఇనుము" అని, బరువు మాత్రమే రాసి ఉంది. పాత ఇనుమే ఇచ్చానుగా అని వాదన. కాబట్టి బిల్లులో గర్డరు అని, సైజు, పొడవు, రెక్క మందం, అతుకు లేని ఒకే ముక్క అని రాయించుకోండి. గ్రైండర్ పెట్టి చూశాక లోపం తేలితే వాపసు అన్న మాట కూడా అందులోనే ఉండాలి. అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వండి.