దుర్గమ్మ కొండ దిగాక నది దాటి వెళ్లండి

విజయవాడ వచ్చేవాళ్లలో చాలామంది అమ్మవారి దర్శనం చేసుకుని, ప్రకాశం బ్యారేజీ మీద ఓ ఫోటో దిగి రైలెక్కేస్తారు. నది అవతల ఉన్న ఉండవల్లి గుహలు చూడకుండా వెళ్లిపోతున్నారే అని నాకు బాధగా ఉంటుంది.

ఇంద్రకీలాద్రి ఎక్కడానికి పెద్దవాళ్లకి టెన్షన్ అక్కర్లేదు. ఘాట్ రోడ్డులో దేవస్థానం బస్సులున్నాయి, మహామండపం వైపు లిఫ్టు ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా హాయిగా వెళ్లొచ్చింది. శుక్రవారం, ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్తే తోపులాట ఉండదు.

బస దగ్గరే చికాకు పడ్డాం. గుడికి దగ్గరని వన్‌టౌన్‌లో తీసుకున్న లాడ్జిలో వేడినీళ్లు రాలేదు, రాత్రంతా లారీల మోత. మర్నాడే గాంధీనగర్‌కి మారిపోయాం. రైల్వేస్టేషన్ దగ్గర, టిఫిన్లకి కొదవ లేదు. బాబాయ్ హోటల్లో వేడి ఇడ్లీ మీద వెన్నపూస వేసి పెడతారు, తప్పకుండా తినండి.

మొగల్రాజపురం గుహల్లో శిల్పాలు బాగా అరిగిపోయాయి. గంటలో చూసేయొచ్చు.

ఉండవల్లికి మాత్రం సగం రోజు ఇవ్వండి. కొండనే తొలిచి నాలుగు అంతస్తులు తీశారు. క్రీస్తుశకం నాలుగు, ఐదు శతాబ్దాల నాటి పని అంటారు. కింది అంతస్తు పూర్తికాలేదు, అందుకే శిల్పులు రాయిని ఎలా చెక్కుకుంటూ లోపలికి వెళ్లారో అక్కడ కళ్లకు కడుతుంది. పైన అనంతపద్మనాభుడు, మనిషికి మూడింతల పొడవున, శేషుడి మీద పడుకుని ఉంటాడు. చీకటికి కళ్లు అలవాటుపడేసరికి ముందు పాదాలు, తర్వాత ముఖం తెలుస్తాయి. మా అమ్మ అక్కడి నుంచి కదలనంది. బయట వసారా మీద కూర్చున్న రుషుల విగ్రహాలు, సింహాలు, ఎదురుగా పచ్చటి పొలాలు. గైడు ఉంటే బాగుండేది. తెలిసిన మనిషి ఎవరైనా పక్కనుంటే చూసే తృప్తే వేరు.

మంగళగిరి కూడా ఇటే. పానకాలస్వామి నోట్లో పానకం పోస్తారు, సగం స్వామి తాగి మిగతాది ప్రసాదంగా ఇస్తాడని నమ్మకం. దిగువ గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. రాత్రి దేవతలు పూజ చేసుకుంటారని పై గుడిని మధ్యాహ్నం దాటాక మూసేస్తారు. కాబట్టి పొద్దున మంగళగిరి చూసుకుని, భోజనం చేసి, ఉండవల్లికి రండి.