ఎర్ర పెన్సిలు మాయమైన స్కాన్లు: డ్రాయింగుల ఆర్కైవులో నాలుగు రోజులు

ముందే చెప్పేస్తాను, ఈ ఆర్కైవు పేరు రాయడం లేదు. అక్కడ పనిచేసేది మొత్తం ఇద్దరు. పేరు పెట్టి నాలుగు మాటలంటే అవి తగిలేది ఆ ఇద్దరికే, తగలాల్సింది మాత్రం వాళ్ళకి కాదు. అయినా ఇందులో తిట్లకన్నా మెచ్చుకోలే ఎక్కువ. మ్యూజియం భవనాల పాత డ్రాయింగుల కోసం ఇలాంటి చోటికి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను మ్యూజియం గ్యాలరీల లోపలి పని చేస్తాను. షోకేసులు, సీలింగు, లైటింగు. పాతికేళ్ళ క్రితం డ్రాఫ్టింగు బోర్డు ముందు మొదలుపెట్టాను. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసి, తప్పు పోతే బ్లేడుతో గీకి, గీకినచోట గోటితో రుద్ది, మళ్ళీ గీసిన తరం మాది. గొప్పకి చెప్పడం లేదు. పాత డ్రాయింగులో గీకిన మచ్చ కనిపిస్తే అక్కడ ఎవరో మనసు మార్చుకున్నారని నాకు తెలిసిపోతుంది. నేను ఆర్కైవుకి వెళ్ళిందే ఆ మచ్చల కోసం.

మేం తీసుకున్న పని ఒక మ్యూజియంలో పాత వస్త్రాల గ్యాలరీ. పైకప్పులో పొడుగ్గా అద్దాల కిటికీ ఉంది. దాని కింద వరసగా చెక్క పలకలు, సగం వెలుతురు అవే మింగేస్తున్నాయి. మ్యూజియం ఆఫీసులో ఉన్న డ్రాయింగుల సెట్టులో ఆ పలకలు లేవు. “తర్వాతెవరో కొట్టేసినట్టున్నారక్కా, తీసేద్దాం, గది తెల్లగా వెలిగిపోతుంది” అన్నాడు మా టీములో కుర్రాడు. అనడమే కాదు, తీసేసినట్టు త్రీడీ బొమ్మ కూడా చేసి అందరికీ చూపించేశాడు. అందరికీ నచ్చింది. నాకే ఎక్కడో తేడాగా అనిపించింది. పలకల చివర, గోడకి ఆనేచోట వదిలిన సందు సరిగ్గా 12 మిల్లీమీటర్లు. గదిలో మిగతా ప్యానెళ్ళ దగ్గరా అదే సందు. తర్వాతెప్పుడో వచ్చి పలకలు కొట్టినవాడు అంత శ్రద్ధ తీసుకుంటాడా?

ఆ భవనం కట్టిన ఆర్కిటెక్టు ఆఫీసు ఎప్పుడో మూతపడింది. కాగితాలన్నీ ఈ ఆర్కైవుకి చేరాయి. అలా వెళ్ళాను.

మొదటి దెబ్బ కేటలాగు దగ్గరే తగిలింది. మ్యూజియం పేరు కొట్టి వెతికితే ఒక్క ఫలితమూ లేదు. ఊరి పేరుతో లేదు, ఆర్కిటెక్టు పేరుతో వెతికితే మూడొందల పైచిలుకు వచ్చాయి, అందులో సగం “పైకప్పు వివరాలు, 1 రోల్” లాంటివి. ఏ భవనం పైకప్పో దేవుడికే ఎరుక. అరపూట అలా పోయింది. చివరికి కౌంటరు దగ్గరున్నావిడ నన్ను ఆదుకుంది. “మీ దగ్గరున్న ప్రింటు టైటిల్ బ్లాకులో జాబ్ నంబరు ఏముందో చూడండి మేడమ్” అంది. టైటిల్ బ్లాకంటే డ్రాయింగు వివరాలు రాసే పెట్టె. కుడి కింద మూల ఆ పెట్టెలో మూడంకెల నంబరు ఉంది. అది చెప్పగానే రెండు నిమిషాల్లో లిస్టు బయటికొచ్చింది. ఆర్కిటెక్టు ఆఫీసులు తమ కాగితాలని జాబ్ నంబరుతోనే, అంటే ఒక్కో పనికి ఇచ్చుకున్న నంబరుతోనే సర్దుకుంటాయి, ఆర్కైవులు ఆ వరస చెడగొట్టకుండా అలాగే ఉంచుతాయి. వాళ్ళ పద్ధతి సరైనదే. కానీ ఆ ముక్క వెతికే పేజీ పైన ఒక్క లైను రాసి పెట్టొచ్చు కదా!

రీడింగ్ రూమ్ గురించి మాత్రం వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను అడిగిన రోళ్ళని ముందురోజే విప్పి, బరువులు పెట్టి, చదునుగా పడుకోబెట్టి ఉంచారు. ఏళ్ళ తరబడి చుట్టి ఉన్న ట్రేసింగ్ కాగితాన్ని ఒక్కసారి లాగితే అంచు అప్పడంలా విరుగుతుంది, ఇది తెలియనివాళ్ళ చేతుల్లో ఎన్ని డ్రాయింగులు పోయాయో. గ్లౌజులు అడిగితే వద్దన్నారు. చేతులు శుభ్రంగా కడుక్కుని ఆరబెట్టుకుని రమ్మన్నారు. గ్లౌజు వేసుకుంటే వేలికి కాగితం అంచు తెలియదు, చింపేస్తాం. ఫోటోలు చూసేటప్పుడు మాత్రం గ్లౌజులిచ్చారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే.

ఇంకోటి గమనించాను. నీలం బ్లూప్రింట్లు ఒక రకం ఫోల్డర్లలో, అమ్మోనియా ప్రింట్లు (అమ్మోనియా ఆవిరితో తీసే నకళ్ళు) విడిగా ఇంకో సొరుగులో ఉన్నాయి. కారణం అడిగితే ఆవిడ ముఖం వెలిగిపోయింది, రోజూ అడిగేవాళ్ళు లేరేమో. బ్లూప్రింటు 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైపు పద్ధతి. ఆ నీలానికి క్షారం పడదు. మామూలు కాగితాలని కాపాడడానికి వాడే క్షారం కలిపిన ఫోల్డర్లలో పెడితే నీలం వెలిసిపోతుంది. అమ్మోనియా ప్రింట్ల గొడవ వేరు, వాటిలోంచి వచ్చే రసాయనాలు పక్క కాగితాలని పాడుచేస్తాయి. మా మ్యూజియం ఆఫీసులో ఈ రెండూ, ట్రేసింగులూ, కరెంటు బిల్లులూ కలిపి ఒకే బీరువాలో ఉన్నాయి. ఆవిడకి ఆ మాట చెప్పలేదు.

ఇక అసలు సంగతి. ఆ పైకప్పు సెక్షన్ (నిలువుగా కోసి చూపించే డ్రాయింగు) మూడు రివిజన్లలో, అంటే మూడు దిద్దుబాట్లలో దొరికింది: ఎ, బి, సి. ఎ లో అద్దం సన్నగా ఉంది. బి లో వెడల్పు చేశారు, మ్యూజియం ఆఫీసులో ఉన్నది దీని ప్రింటే. సి అంటూ కొత్తగా గీసిన షీటు లేదు. బి ట్రేసింగు మీదే అద్దం కింద ఇంకు గీతలు బ్లేడుతో గీకేసి, ఎర్ర పెన్సిలుతో పలకలు గీశారు, పక్కన కొలతలు వేశారు. సందు 12. టైటిల్ బ్లాకులో సి అని చేత్తో రాసి పొట్టి సంతకం చేశారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క బల్ల దగ్గరాయన నాకేదో అయిందనుకున్నాడు.

ఎందుకు మార్చారో డ్రాయింగు చెప్పదు. అది ఉత్తరాల ఫైల్లో దొరికింది. ఈ ఆర్కైవు చేసే గొప్ప పని ఇదే: డ్రాయింగు అడిగితే, అదే జాబ్ నంబరు కింద ఉన్న ఉత్తరాల పెట్టె కూడా కావాలా అని వాళ్ళే అడుగుతారు. కావాలనండి, ఎప్పుడూ కావాలనండి. అందులో మ్యూజియం క్యూరేటరు రాసిన ఒక పేజీ ఉత్తరం ఉంది. అద్దాలు బిగించాక పొద్దున పదింటి నుంచి పదకొండున్నర దాకా ఎండ సూటిగా బట్టల మీద పడుతోంది, మొదటి షోకేసు నుంచి మూడోదాకా పాకుతోంది, గుడ్డ కప్పి ఉంచుతున్నాం అని. వస్త్రాల మీద పడే వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకూడదని మా పనిలో అందరికీ బండగుర్తు. నడి ఎండలో బయట లక్ష లక్స్ ఉంటుంది. మా కుర్రాడి త్రీడీ బొమ్మలో తెల్లగా వెలిగిపోయిన గది అదే! ఆ పలకలు ఎవరో కొట్టినవి కావు, ఆర్కిటెక్టు తన తప్పు తను దిద్దుకున్న చోటు. కుర్రాడికి ఫోన్లో చెప్తే అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత “ఫైలు పేరు మార్చేస్తానక్కా” అన్నాడు. ఏం పేరు పెట్టాడో అడగలేదు.

డ్రాయింగులని బొమ్మల్లా చూసి, ఉత్తరాలని చెత్తలా చూసే అలవాటు చాలామందికుంది. న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం సంగతి చూడండి. ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కి ఆ పని 1943లో వచ్చింది, భవనం తెరిచింది 1959 అక్టోబరులో, ఆయన చనిపోయిన ఆర్నెల్లకి. ఆ పదహారేళ్ళలో గీసిన రంగుల డ్రాయింగులు చూస్తే కళ్ళు తిప్పుకోలేం, ఒకదాంట్లో భవనం గులాబి రంగులో ఉంటుంది. కానీ 1956లో 21 మంది కళాకారులు సంతకాలు చేసి పంపిన ఉత్తరం పక్కన పెట్టుకుని చూడాలి. వంగిన గోడ, వాలు నేల, మా బొమ్మలు ఎలా వేలాడదీస్తారని వాళ్ళ గొడవ. ఆ ఉత్తరం చదివితే భవనం వేరేలా కనిపిస్తుంది. అమెరికాలోనే టెక్సస్‌లో ఆర్కిటెక్టు లూయీ కాన్ కట్టిన కింబెల్ మ్యూజియం కూడా అంతే. 1972లో తెరిచారు. కమాను నడినెత్తిన సన్నటి చీలిక, దాని కింద చిల్లుల అల్యూమినియం రెక్కలు. ఎండ ముందు రెక్కలకి తగిలి, అక్కణ్ణించి పైకి కాంక్రీటు మీదకి పోయి, మెత్తబడి కిందికి దిగుతుంది. ఫోటో చూస్తే ఒక్క మనిషి కల అనిపిస్తుంది. కాగితాలు తిరగేస్తే సహజమైన వెలుతురు కావాలని ముందే రాసిచ్చిన డైరెక్టరు రిచర్డ్ బ్రౌన్, కమానుకి ఆ సైక్లాయిడ్ వంపు (దొర్లే చక్రం అంచు మీది చుక్క గీసే వంపు) పట్టుకొచ్చిన ఆఫీసు మనిషి మార్షల్ మేయర్స్, రెక్కల మీద కుస్తీ పట్టిన లైటింగ్ డిజైనరు రిచర్డ్ కెల్లీ అందరూ బయటికొస్తారు. 1974లో కాన్ పోయాక ఆ ఆఫీసు కాగితాలని పెన్సిల్వేనియా రాష్ట్రం కొని విశ్వవిద్యాలయంలో పెట్టింది కాబట్టి సరిపోయింది. లేకపోతే చెల్లాచెదురయ్యేవి.

సరే, మళ్ళీ మన ఆర్కైవు. ఇక్కణ్ణించి తిట్లు.

పదిహేను షీట్లకి స్కాన్లు అడిగాను. పది రోజులన్నారు, పంతొమ్మిదో రోజుకి వచ్చాయి. ఆలస్యం పెద్ద విషయం కాదు. ఫైళ్ళు తెరిస్తే అన్నీ నలుపు తెలుపు! ఎర్ర పెన్సిలు మామూలు గీతలతో కలిసిపోయింది. అంటే మూడో రివిజను అనే సంగతే ఆ స్కానులో లేదు. పలకలు మొదటి నుంచీ ఉన్నట్టే కనిపిస్తున్నాయి. గీకిన మచ్చలు కూడా పోయాయి, కాగితం శుభ్రంగా కనిపించాలని వెనకాల రంగు తీసేశారట. ఆరు షీట్లలో టైటిల్ బ్లాకు సగం తెగింది. జాబ్ నంబరు, రివిజను అక్షరం, తేదీ ఉండేది ఆ మూలే కదా. స్కేలు పట్టీ ఒక్కదాంట్లోనూ లేదు. 1:50 (అసలులో యాభయ్యో వంతు) అని రాసున్న డ్రాయింగుని కాగితానికి సరిపడా కుదించి ప్రింటు తీస్తే అది ఇంక 1:50 కాదు. పక్కన పట్టీ పెట్టి స్కాన్ చేస్తే ఎంత కుదించినా లెక్క దొరుకుతుంది. నిజానికి ట్రేసింగు కాగితమే తేమకి సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందుకే మా రోజుల్లో డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలిస్తే చెవి మెలేసేవాళ్ళు, రాసిన అంకె చూడమనేవాళ్ళు. ఆ నలుపు తెలుపు ఫైళ్ళలో కొన్నిచోట్ల రాసిన అంకె కూడా చదవలేకపోయాను.

మెయిలు రాశాను. కొంచెం ఘాటుగానే రాశాను, ఒప్పుకుంటాను. మర్నాడే జవాబొచ్చింది, వాదన లేదు. స్కానింగు బయటివాళ్ళకి ఇస్తారట. వాళ్ళకి డ్రాయింగన్నా రసీదన్నా ఒకటే. రెండోసారి ఆవిడే దగ్గరుండి రంగుల్లో చేయించింది, అంచుల బయట వేలెడు జాగా వదిలి, స్కేలు పట్టీ పక్కన పెట్టి. నేను అడక్కుండానే బి షీటు వెనకవైపు కూడా స్కాన్ చేసి పంపింది. అక్కడ పెన్సిలుతో సూర్యుడి కోణాలు మూడు గీసి, కొట్టేసి ఉన్నాయి. రీడింగ్ రూమ్‌లో నేను కాగితం తిప్పి చూడనే లేదు! ఈ ఒక్క పనికే ఆవిడకి వెయ్యి దండాలు.

ఇంట్లో కూర్చుని ఇలాంటివి చూడాలనుకునేవాళ్ళు ఇటలీ వెరోనాలోని కాస్తెల్‌వెక్కియో మ్యూజియం వాళ్ళు ఆన్‌లైన్లో పెట్టిన ఆర్కిటెక్టు కార్లో స్కార్పా ఆర్కైవు చూడండి. పాత కోటని స్కార్పా మ్యూజియంగా మార్చిన పని 1964లో తెరిచారు. ఆ డ్రాయింగులు ఆ మ్యూజియం దగ్గరే ఉన్నాయి. వెరోనాని ఏలిన కాన్‌గ్రాందే గుర్రపు విగ్రహాన్ని ఎక్కడ, ఏ ఎత్తులో, ఎటు తిప్పి నిలబెట్టాలో తేల్చుకోడానికి ఆయన ఎన్ని సార్లు గీశాడో చూస్తుంటే, పలకల కోసం ఒకసారి ఎర్ర పెన్సిలు పట్టిన మా ఆర్కిటెక్టు మీద జాలి తగ్గింది.

మళ్ళీ వెళ్తే నేను చేసేవి: జాబ్ నంబరు చేతిలో పెట్టుకుని వెళ్ళడం, ప్రతి షీటూ తిప్పి చూడడం, స్కాన్ ఫారం మీద “రంగుల్లో, అంచులు కత్తిరించకుండా, స్కేలు పట్టీతో” అని పెద్ద అక్షరాలతో రాయడం. వాడుకునే హక్కుల కాగితం కూడా అప్పుడే అడగండి, ఆర్కైవు దగ్గర కాగితం ఉన్నంత మాత్రాన దాని కాపీరైటు వాళ్ళది కాకపోవచ్చు. మాకు ఆ ఫారానికే ఇంకో వారం పట్టింది.

రీడింగ్ రూమ్‌కి అయిదుకి అయిదు. కేటలాగుకి రెండు, అదీ కౌంటరు దగ్గరావిడ ముఖం చూసి. స్కాన్లకి మొదటిసారి ఒకటి, రెండోసారి నాలుగున్నర. పలకలు గదిలో అలాగే ఉన్నాయి, తుడిచి రంగు వేశాం. వచ్చే నెల పద్దెనిమిదిన మళ్ళీ అపాయింట్‌మెంటు ఉంది. “వివరాలు లేవు” అని రాసున్న రోల్ ఒకటి మిగిలిపోయింది, ముందురోజే విప్పి పడుకోబెట్టమని చెప్పాను.