జాగ్రత్త: కౌన్సిల్‌దే అనుకుని సమ్మర్ క్లబ్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లోని హార్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంట్లో స్కూలుకెళ్ళే పిల్లలుంటే దయచేసి చివరిదాకా చదవండి. కౌన్సిల్‌ది, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వానిది అనుకుని ఒక సమ్మర్ క్లబ్‌కి మేం 618 పౌండ్లు కట్టాం. ఇప్పటిదాకా వెనక్కి వచ్చింది 40. డబ్బు మాట అలా ఉంచండి, పల్లీలు పడని మా ఆరేళ్ళవాడు ఒక రోజంతా తన ఎపిపెన్ (అలర్జీ ముదిరితే వెంటనే వేయాల్సిన ఇంజెక్షన్) దగ్గర లేకుండా ఒక మైదానంలో గడిపాడు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ రాత్రిపూట మెలకువ వచ్చేస్తోంది.

ఇక్కడ జూలై చివర్లో సెలవులిస్తే మళ్ళీ సెప్టెంబరు మొదట్లోనే బడి. ఆరు వారాలు. పోయినేడు మా అత్తయ్యగారు, మావయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు కాబట్టి మాకు ఏమీ తెలియలేదు. ఈ ఏడు మావయ్యగారి మోకాలి ఆపరేషన్ వల్ల రాలేకపోయారు. ఇద్దరి లీవులూ పంచుకుని, మధ్యలో ఒక వారం ఇంట్లోంచి పనిచేసేలా మాట్లాడుకున్నా ఇంకా రెండు వారాలు మిగిలాయి. పెద్దవాడికి తొమ్మిది, చిన్నవాడికి ఆరు.

జూన్‌లో ఒకరోజు రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్లో మా కౌంటీ పేరు, కౌన్సిల్, సమ్మర్ క్లబ్ అని కొట్టాను. అన్నిటికంటే పైన వచ్చినది నొక్కాను. అది డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను చూడలేదు. లోపల పేజీ అంతా కౌన్సిల్ వాళ్ళదిలాగే ఉంది. జింక బొమ్మ, 'కౌంటీ నివాసులకు ప్రత్యేక వేసవి కార్యక్రమాలు' అని పెద్ద అక్షరాలు, పోస్ట్‌కోడ్ వేస్తే 'మీరు అర్హులు' అని ఆకుపచ్చ టిక్కు. ఆ జింకని చూసే నేను నమ్మేశాను. తర్వాత ఆలోచిస్తే, జింక మన కౌంటీ గుర్తు, కౌన్సిల్ సొత్తు కాదు. వాట్‌ఫర్డ్ ఫుట్‌బాల్ క్లబ్ బ్యాడ్జి మీదా ఉన్నది అదే జింక.

రోజుకి పిల్లవాడికి 34 పౌండ్లు. పది రోజులు, ఇద్దరికీ 680. నివాసులకు 15 శాతం తగ్గింపు, అయితే అది బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసేవాళ్ళకే అన్నారు. 578 అయింది. రిజిస్ట్రేషన్‌కి తలా 20 చొప్పున 40 పౌండ్లు డెబిట్ కార్డు మీద తీసుకున్నారు. నివాసం రుజువు కోసం కౌన్సిల్ టాక్స్ (ఇంటి పన్ను) బిల్లు ఫొటో అడిగితే అదీ పంపాను. 'కార్డు తీసుకునేవాళ్ళు మొత్తం కార్డు మీదే తీసుకోవచ్చు కదా, ట్రాన్స్‌ఫర్ ఎందుకంటున్నారు?' అని మా ఆయన ఆ రాత్రే అడిగారు. కౌన్సిల్‌వాళ్ళు కదండీ, పర్లేదులే అన్నాను.

క్లబ్ ఒక ప్రైమరీ స్కూలు హాల్లో అన్నారు. మొదటి సోమవారానికి ముందు, ఆదివారం రాత్రి పదింటికి దగ్గర్లో మెయిల్ వచ్చింది: చోటు మారింది, ఫలానా మైదానానికి తీసుకురండి. తెల్లారి ఆఫీసు. వేరే దారి లేక తీసుకెళ్ళాం. ఒక పెవిలియన్, దానికో వరండా, అవతల పబ్లిక్ టాయిలెట్లు. ముప్పై అయిదుమంది పిల్లలకి ముగ్గురు కోచ్‌లు. వాళ్ళలో ఒకబ్బాయికి పద్దెనిమిది నిండాయో లేదో. వచ్చిన పిల్లల పేర్లు ఎవరూ రాసుకోవడం లేదు. చిన్నవాడి అలర్జీ గురించి ఫారంలో రాశాను, అయినా మళ్ళీ నోటితో చెప్పి, ఎపిపెన్ ఉన్న ఎర్ర సంచీ పెద్ద కోచ్ చేతిలో పెట్టాను. 'కంగారేం లేదు, మేం చూసుకుంటాం' అన్నాడు.

సాయంత్రం అయిదింటికి వెళ్తే పిల్లలున్నారు, ఆ కోచ్ లేడు. ఎర్ర సంచీ ఏదని అడిగితే మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోన్ చేయిస్తే తేలిందేమిటంటే, సంచీ ఆయన కారు డిక్కీలో ఉంది, ఆయన పదకొండింటికే ఇంకో ఊళ్ళో ఉన్న ఇంకో క్లబ్‌కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పిల్లలు డబ్బాలు మార్చుకుని తిన్నారట. 'ఒకమ్మాయి బిస్కెట్ ఇస్తుంటే తమ్ముడు తీసుకోబోయాడమ్మా, నేనే వద్దన్నాను' అన్నాడు మా పెద్దవాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తెలిసింది, డబ్బు తీసుకున్న పెద్దవాళ్ళకి తెలియలేదు. ఆ మాట విన్నాక కార్లో కూర్చుని చాలాసేపు బండి తీయలేకపోయాను.

మర్నాటి నుంచి పంపలేదు. మా ఆయన ఉన్న లీవంతా పెట్టేశారు. డబ్బు వెనక్కి ఇమ్మని మెయిల్ పెడితే, 'బుకింగ్ రద్దు చేసుకుంటే తిరిగి ఇవ్వబడదు' అన్న షరతు కాపీ చేసి పంపారు. అసలు మీకూ కౌన్సిల్‌కీ ఏం సంబంధం అని అడిగితే, 'మేం కౌన్సిల్ అని ఎక్కడా అనలేదు, కౌంటీ నివాసుల కోసం అన్నాం' అని జవాబు. తిరిగి చూస్తే నిజమే, ఎక్కడా అనలేదు. మాటలు అంత జాగ్రత్తగా పేర్చారు.

ఈ ఊళ్ళకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ మనకి కౌన్సిల్ ఒకటి కాదు, రెండు. కౌంటీ కౌన్సిల్ లైబ్రరీలు, బడుల అడ్మిషన్లు, సోషల్ కేర్, రోడ్లు చూస్తుంది. దాని కింద పది డిస్ట్రిక్ట్, బరో కౌన్సిళ్ళున్నాయి: వాట్‌ఫర్డ్, సెయింట్ ఆల్బన్స్, స్టీవనేజ్, డకోరమ్ వగైరా. చెత్తబుట్టలు, పార్కులు, లీజర్ సెంటర్లు, కౌన్సిల్ టాక్స్ వసూలు వాళ్ళ పని. వేసవి కార్యక్రమాలు కొన్ని అక్కడ, కొన్ని ఇక్కడ ఉంటాయి. ఏది ఎవరిదో పుట్టి పెరిగినవాళ్ళే తడబడతారు. ఇలాంటి సైట్లు బతికేది ఆ గందరగోళం మీదే.

కౌన్సిళ్ళ సొంత సైట్లు డాట్ గవ్ డాట్ యూకేతో ముగుస్తాయి. ప్రభుత్వ సంస్థలకి తప్ప ఆ చిరునామా ఎవరికీ ఇవ్వరు. అయితే ఇక్కడొక చిక్కుంది. లీజర్ సెంటర్లని చాలా చోట్ల కౌన్సిల్ తరఫున వేరే సంస్థలు నడుపుతాయి, వాటి సైట్లు మామూలు పేర్లతోనే ఉంటాయి. కాబట్టి గవ్ లేదని ప్రతిదాన్నీ మోసం అనుకోనక్కర్లేదు. గూగుల్లోంచి నేరుగా వెళ్ళకుండా, ముందు మీ కౌన్సిల్ సైట్ తెరిచి, అక్కడున్న లింకు పట్టుకుని వెళ్ళండి. పిల్లల సంరక్షణ ఎక్కడెక్కడ దొరుకుతుందో తల్లిదండ్రులకి చెప్పడం 2006 చైల్డ్‌కేర్ చట్టం ప్రకారం కౌన్సిల్ బాధ్యత. ఫ్యామిలీ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అని అడిగితే చెప్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఫ్‌స్టెడ్ రిజిస్ట్రేషన్. ఆఫ్‌స్టెడ్ అంటే బడుల్ని, పిల్లల సంరక్షణ కేంద్రాల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ. ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని రోజుకి రెండు గంటలకి మించి చూసుకునేవాళ్ళు ఇంగ్లండ్‌లో మామూలుగా ఆఫ్‌స్టెడ్ దగ్గర నమోదు కావాలి. మినహాయింపులున్నాయి. ఆటల కోచింగో, డాన్సో మాత్రమే నేర్పేవాళ్ళకి ఒకటి, ఒక చోట ఏడాదికి 14 రోజులకి మించకుండా నడిపేవాళ్ళకి ముందుగా తెలియజేస్తే ఇంకొకటి. మేం కట్టిన క్లబ్‌వాళ్ళు 'మాది స్పోర్ట్స్ కోచింగ్, మాకు అక్కర్లేదు' అన్నారు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా పిల్లల్ని ఉంచుకుని అది కోచింగే అవుతుందా అన్నది ఆఫ్‌స్టెడ్ తేల్చాలి, నేను ఫిర్యాదు ఇచ్చాను. చట్టం సంగతి ఎలా ఉన్నా, నమోదు లేదంటే వాళ్ళని తనిఖీ చేసినవాళ్ళు ఎవరూ లేరనే అర్థం. యూఆర్ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఆఫ్‌స్టెడ్ సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. రెండు నిమిషాల పని.

వీసా మీద ఉన్న మనలాంటివాళ్ళకి ఇంకో మాట. టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ అని ఒకటుంది. పిల్లల సంరక్షణ ఖర్చు కోసం ఒక ఖాతాలో మనం 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 కలుపుతుంది. 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదు) అని వీసా మీద ఉంటే, భార్యాభర్తల్లో ఇంకొకరికైనా అర్హత లేకపోతే, అది మనకి రాదు. రాదు కదా అని నేను దాని ఊసే ఎత్తలేదు. కానీ ఆ ఖాతాలోంచి డబ్బు తీసుకోవాలంటే క్లబ్ నమోదై ఉండాలి. ఇక్కడి తల్లులు ఆ ఖాతాతో కట్టబోయి, క్లబ్ పేరు అందులో కనబడకపోతే అక్కడే ఆగిపోతారు. మనకి ఆ అడ్డు పడదు. మీకు రాకపోయినా సరే, ఫోన్ చేసి 'టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ తీసుకుంటారా?' అని అడగండి. నీళ్ళు నమిలితే వదిలేయండి.

డబ్బు విషయంలో నేను నేర్చుకున్నది. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు అని అందరం అనుకుంటాం. ఫలానా తేదీల్లో జరిగే వినోద కార్యక్రమాలకి ఆ హక్కు వర్తించదు. బ్యాంకుకి ఫోన్ చేశాను. 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి ట్రాన్స్‌ఫర్ చేసిన డబ్బుని బ్యాంకులు 85,000 పౌండ్ల దాకా తిరిగి ఇవ్వాలని నిబంధన వచ్చింది కదా, దాని కింద ఇస్తారనుకున్నాను. 'క్లబ్ అంటూ జరిగింది కాబట్టి ఇది మోసం కాదు, మీకూ వ్యాపారికీ మధ్య తగాదా' అన్నారు. కార్డు మీద కట్టిన 40 మాత్రం చార్జ్‌బ్యాక్ కింద, అంటే వ్యాపారి బ్యాంకు నుంచి వెనక్కి తెప్పించారు. క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే కథ వేరుగా ఉండేది. 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లు దాటి 30,000 లోపు ధర ఉన్నదానికి కొంచెమైనా క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే మొత్తానికీ కార్డు కంపెనీ కూడా జవాబుదారీ. నివాసుల తగ్గింపు అని ట్రాన్స్‌ఫర్ వైపు తోసింది ఎందుకో అప్పుడు అర్థమైంది.

'తిరిగి ఇవ్వబడదు' అన్న షరతు చూసి మాత్రం ఊరుకోకండి. 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం ఏ సేవైనా తగినంత శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలి. చేయకపోతే ధర తగ్గించమని అడిగే హక్కు మనకుంది. ఉచితంగా సలహాలిచ్చే సిటిజెన్స్ అడ్వైస్ అనే సంస్థ వినియోగదారుల లైను 0808 223 1133, ఉచితం. వ్యాపారుల మోసాల మీద చర్య తీసుకునే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి మనం నేరుగా చెప్పుకోలేం, వీళ్ళ ద్వారానే వెళ్తుంది. వాళ్ళు చెప్పినట్టే 14 రోజుల గడువిచ్చి ఉత్తరం పెట్టాను. స్పందించకపోతే స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల కోర్టులో) కేసు వేస్తాను, ఈ మొత్తానికి ఫీజు 70 పౌండ్లు. వీసాకి ఏమన్నా ఇబ్బందా అని మా ఆఫీసులో ఒక తమ్ముడు భయపడ్డాడు. వినియోగదారుడిగా కేసు వేయడానికీ వీసాకీ సంబంధం లేదు.

బిల్లు ఫొటో పంపిన వారానికి 'మీ కౌన్సిల్ టాక్స్ బ్యాండ్ తప్పు, తగ్గించి రీఫండ్ ఇప్పిస్తాం' అని ఫోన్లు మొదలయ్యాయి. మా వివరాలు ఆ క్లబ్‌వాళ్ళే ఇచ్చారని రుజువు నా దగ్గర లేదు. బ్యాండ్, అంటే పన్ను శ్రేణి నిర్ణయించేది ప్రభుత్వ వాల్యుయేషన్ ఆఫీసు, 1991 ఏప్రిల్ 1 నాటి ఇంటి విలువని బట్టి. తప్పనిపిస్తే మనమే ఉచితంగా అడగొచ్చు, మధ్యలో ఎవరికీ కమిషన్ ఇవ్వక్కర్లేదు.

మిగిలిన సెలవులు ఎలా గడుపుతున్నామో కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. లైబ్రరీలో సమ్మర్ రీడింగ్ చాలెంజ్ ఉంది. 1999 నుంచి ఏటా జరుగుతోంది, 4 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి, సాధారణంగా ఆరు పుస్తకాలు చదవాలి, పైసా ఖర్చు లేదు, వీసా అడగరు. మావాళ్ళు నాలుగో పుస్తకంలో ఉన్నారు. ఎండ కాస్తే వాట్‌ఫర్డ్‌లోని కాషియోబరీ పార్కులో పిల్లల నీళ్ళ కొలనులున్నాయి, తువ్వాలు, పులిహోర డబ్బా పట్టుకెళ్తే పూట గడిచిపోతుంది. హాఫ్ (హాలిడే యాక్టివిటీస్ అండ్ ఫుడ్) అని ఒక ప్రభుత్వ పథకం ఉంది, సెలవుల్లో ఆటలూ భోజనమూ ఉచితం. ఆదాయాన్ని బట్టి ఫ్రీ స్కూల్ మీల్స్ వచ్చే పిల్లలకి అది. ఒకటి, రెండు తరగతుల్లో అందరికీ పెట్టే భోజనం లెక్కలోకి రాదు. నో రికోర్స్ ఉన్నవాళ్ళకి కూడా ఆదాయం ఒక పరిమితిలోపు ఉంటే ఫ్రీ స్కూల్ మీల్స్ వర్తిస్తాయి. ఒక్క జీతం మీద నడుస్తున్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి, దయచేసి మొహమాటపడకుండా స్కూలు ఆఫీసులో అడగండి.

కేసు తేలేదాకా ఆ సైట్ పేరు ఇక్కడ పెట్టలేను. కానీ ఆగస్టు వారాలకి ఎక్కడైనా ట్రాన్స్‌ఫర్ చేసి బుక్ చేసుకున్నవాళ్ళుంటే, ఈ రాత్రే ఆఫ్‌స్టెడ్ సైట్‌లో ఆ క్లబ్ పేరు చూడండి. పిల్లలకి అలర్జీ గానీ, ఆస్తమా గానీ ఉంటే, మందు ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి సాయంత్రం దాకా అక్కడే ఉంటారా అని పేరుతో సహా రాయించుకోండి. అదే మైదానానికి రమ్మని మీకూ మెయిల్ వచ్చి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఫిర్యాదు కలిసి పెడదాం.