ధమ్మ ఖేత్తలో పది రోజుల విపశ్యన కోర్సు

ప్రమోషన్ తీసుకుని పుణె వెళ్లాలా, అమ్మానాన్నల దగ్గరే ఉండిపోవాలా అన్న టెన్షన్‌లో హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులోని ఈ విపశ్యన ధ్యాన కేంద్రంలో చేరాను. ఫోను, పుస్తకాలు, పెన్ను ముందే అప్పజెప్పాలి. తెల్లవారుజామున 4కే గంట కొడతారు. పదో రోజు దాకా మౌనం. కొత్తవాళ్లకు సాయంత్రం పండ్లు, టీ ఇస్తారు; రాత్రి భోజనం ఉండదు.

లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలో ఇక్కడెవరూ చెప్పరు. కెరీర్ సలహా కోసమైతే రావద్దు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే పని. తర్వాత మోకాళ్లు పీకుతున్నా కదలకుండా గంటసేపు కూర్చుంటుంటే తెలిసొచ్చింది: పుణె మీద ఆశంతా బంధువుల మెప్పు కోసమేనని. నాకు కావాల్సింది సాయంత్రం నాన్నతో నడక, వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పడం. ప్రమోషన్ వద్దని రాసిచ్చేశాను.

ఫీజు లేదు. కోర్సు పూర్తిచేసినవాళ్లు ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. నడుం నొప్పి ఉంటే దరఖాస్తులోనే రాయండి.