వైజాగ్‌లో ఈతకొలనుకు ‘వేరియబుల్ స్పీడ్’ పంపు కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మన ఊళ్ళో ఇంటి ఈతకొలనుకు సామాను కావాలంటే చాలామంది చివరికి ఆ షాపుకే చేరతారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. సాగర్ నగర్, ఎండాడ, రుషికొండ వైపు ఉన్నవాళ్ళకు ఎవరి గురించి చెబుతున్నానో రాయకపోయినా తెలుస్తుంది. వేరియబుల్ స్పీడ్ పంపు, అంటే కావలసినట్టు వేగం తగ్గించి పెంచుకోగల పంపు అని చెప్పి నా దగ్గర 92,000 రూపాయలు తీసుకున్నారు, ఒకే వేగంతో తిరిగే మామూలు మోటారు బిగించి పోయారు. నిలదీయడానికి వెళితే నలుగురిలో అవమానించారు. నిన్న సాయంత్రం జరిగిన మాట ఇది. రాత్రంతా నిద్ర లేదు.

మా పాత పంపు ఒకటిన్నర హెచ్‌పీ. సముద్రపు ఉప్పుగాలికి బాడీ తుప్పు పట్టింది, బేరింగులు పోయాయి. పంపు గది గోడకు అవతల పక్కింటి పెద్దమ్మగారి పడకగది. ఆవిడ మంచం దిగలేరు. వాళ్ళబ్బాయి ఒక్క రోజు కూడా గొడవ పడలేదు, “అమ్మ పడుకున్నప్పుడు కాసేపు ఆపగలరా అండీ” అని మాత్రం అడిగేవారు. కొత్త పంపు వస్తే ఆ మోత ఉండదని ఆవిడ మంచం పక్కన కూర్చుని మాట ఇచ్చాను. అందుకే ధర రెట్టింపైనా వేరియబుల్ స్పీడే కావాలన్నాను.

అందులో గొప్ప రహస్యమేమీ లేదు. పంపు వేగం సగానికి తగ్గిస్తే నీరు సగమే వస్తుంది కానీ, లాగే కరెంటు లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెట్టింపు గంటలు నడిపినా ఖర్చు నాలుగో వంతే. మోటారులో, దాని వేగం మార్చే డ్రైవ్‌లో పోయే నష్టాలు కలుపుకుంటే మూడో వంతు అనుకున్నా చాలు. మా పాత పంపు గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్ల చొప్పున రోజుకు 8 గంటలు నడిచేది, అంటే 12 యూనిట్లు. అదే నీటిని నెమ్మదిగా 16 గంటలు తిప్పితే నాలుగైదు యూనిట్లతో పోతుంది. మా కొలను 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు. సుమారు 45,000 లీటర్లు. గంటకు 9,000 లీటర్లు తిరిగినా 5 గంటల్లో అంత నీరు ఒకసారి ఫిల్టర్ గుండా వెళ్తుంది. పూర్తి వేగం కావలసింది శాండ్ ఫిల్టర్ బ్యాక్‌వాష్‌కు (నీటిని వెనక్కి పంపి ఇసుక ఫిల్టర్‌ను కడగడానికి), అడుగున వ్యాక్యూమ్ పట్టడానికే. తక్కువ వేగంలో మోటారు వెనక ఫ్యాన్ హోరు, పైపుల్లో నీటి ఒరిపిడి రెండూ తగ్గుతాయి. ఇదంతా కోటేషన్ అడిగిన రోజే ఆ యజమానికి వాట్సాప్‌లో రాశాను. “అన్నీ అందులో ఉన్నాయి మేడం” అని జవాబు పెట్టారు. ఆ సందేశం ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

బిగించిన పంపుతో పాటు గోడకు ఒక నల్ల పెట్టె తగిలించారు. దాని మీద తెర, మూడు బటన్లు. ఒకటి నొక్కితే తక్కువ వేగమని, మూడు నొక్కితే ఎక్కువని చూపించి వెళ్ళారు. కొత్త బేరింగులు కదా, మొదట మోత కొంత తగ్గినట్టే అనిపించింది. కానీ ఒకటి నొక్కినా మూడు నొక్కినా అదే హోరు. పక్కింట్లోనూ అదే మాట. మాకు వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు ఎంత కరెంటు లాగుతోందో కొలిచే క్లాంప్ మీటర్ తీగకు పెట్టాడు. ఒకటి మీద 6.8 ఆంపియర్లు. రెండు మీద 6.8. మూడు మీదా 6.8. పెట్టె విప్పితే లోపల ఉన్నది టైమరు. ఆ బటన్లు మార్చేది మోటారు ఎన్ని గంటలు నడవాలన్నది మాత్రమే, వేగాన్ని కాదు. వేగం మార్చే మోటారు అనిపించేలా అంటించిన ‘ఇన్వర్టర్’ స్టికర్ లాగితే అసలు నేమ్ ప్లేట్ బయటపడింది: 2850 ఆర్‌పీఎం, 50 హెర్ట్జ్, కింద కెపాసిటర్ విలువ. ఒకే వేగంతో తిరిగే మామూలు సింగిల్ ఫేజ్ మోటారు. పొరపాటున వేరే సరుకు పంపితే నేమ్ ప్లేట్ మీద స్టికర్ ఎందుకు అంటిస్తారు?

ఫోటోలు తీసుకుని షాపుకు వెళ్ళాను. యజమాని నా ఫోను వైపు కన్నెత్తి చూడలేదు. “మీ ఎలక్ట్రీషియన్‌కు ఫ్యాన్లు బిగించడం వచ్చు, పంపుల గురించి ఏం తెలుసు?” అన్నారు. నేమ్ ప్లేట్ మీద అంకెలు చదివి వినిపించాను. “ఇంట్లో సార్ ఉంటే పంపండి, ఆయనకు వివరంగా చెబుతాను” అన్నారు. కోటేషన్ అడిగింది నేను, బేరం చేసింది నేను, డబ్బు కట్టింది నా జీతంలోంచి. ఆ మాటే అన్నాను. అప్పుడాయన పక్కనున్న కొనుగోలుదారుల వైపు తిరిగి నవ్వుతూ, “ఇంట్లో స్విమ్మింగ్ పూల్ పెట్టుకున్నవాళ్ళకు కరెంటు బిల్లు గురించి ఏడుపేమిటండీ!” అన్నారు. వాళ్ళూ నవ్వారు. మా ఇంటికొచ్చి పంపు బిగించిన కుర్రాడు అక్కడే నిలబడి తల దించుకున్నాడు. వాడికి తెలుసు. స్టికర్ అంటించింది ఎవరో కూడా వాడికి తెలిసే ఉంటుంది. మా ఇంట్లో కొలను ఉంటే నన్ను దోచుకోవచ్చని ఏ చట్టం చెప్పింది? ఆ పెద్దమ్మగారికి ఇప్పుడు నేను ఏమని చెప్పాలి?

బిల్లులో “పూల్ పంపు 1.5 హెచ్‌పీ – 1” అని తప్ప మోడల్ లేదు, సీరియల్ నంబరు లేదు. వారంటీ కార్డు “కంపెనీ నుంచి వస్తుంది” అన్నారు, రాలేదు. ఈ ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు తిరిగి ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు, రెండేళ్ళ గడువు ఉంది.

కొనబోయేవాళ్ళు మోడల్, సీరియల్ నంబరు, ‘వేరియబుల్ స్పీడ్’ అన్న మాట బిల్లులోనే రాయించుకోండి. నేమ్ ప్లేట్ మీద వేగం ఒకే అంకెగా ఉండి, కెపాసిటర్ కూడా ఉంటే అది మీరు అడిగిన పంపు కాదు. బిగించిన మనిషి వెళ్ళకముందే తక్కువ వేగంలో, ఎక్కువ వేగంలో ఆంపియర్లు కొలిపించండి, రెండు అంకెల మధ్య చాలా తేడా కనిపించాలి. పూర్తి డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.

మూడు బటన్ల నల్ల పెట్టె మీ ఇంటి గోడకూ ఉంటే ఇవాళే స్టికర్ తీసి చూడండి, నేమ్ ప్లేట్ ఫోటో, బిల్లు ఫోటో భద్రపరచండి, నాకు సందేశం పెట్టండి. ఇద్దరు ముగ్గురం ఉంటే కమిషన్ ముందుకు కలిసే వెళ్దాం.