బాడ్ రేట్ అడగని డ్రైవర్: రెండేళ్ల వాడకం తర్వాత

బెంగళూరు మారతహళ్లిలో మా బాబాయిది స్వీట్ షాపు. బిల్లింగ్ అంతా లినక్స్ పీసీలోనే. రెండేళ్ల కిందట ఎస్పీ రోడ్డులో ఒక తూకం మిషన్ కొన్నాం. కేబుల్ పెడితే పీసీలో పోర్టు (మిషన్ అంకెలు వచ్చే దారి) రాలేదు. మిషన్ ఏ కంపెనీది, ఏ మోడల్ అని చెప్పే వెండర్, ప్రాడక్ట్ నంబర్లు ఇచ్చి యూఎస్‌బీ సీరియల్ జెనరిక్ డ్రైవర్‌ని (డ్రైవర్ అంటే పరికరంతో మాట్లాడే ప్రోగ్రాం) లోడ్ చేస్తే వచ్చింది గానీ, ‘ఇది టెస్టింగ్‌కి మాత్రమే, మీ పరికరాన్ని సరైన డ్రైవర్‌లో చేర్పించండి’ అని డీమెసేజ్‌లో (లినక్స్ సిస్టం సందేశాల లాగ్‌లో) చురక. సరే, యూఎస్‌బీ సీరియల్ సింపుల్ అనే డ్రైవర్‌లో నేనే చేర్చుకుందామనుకున్నాను. ఒక్కో పరికరానికి ఒక్కో ఫైలుగా ఉన్న బుల్లి డ్రైవర్లను 2013లో ఒకచోట చేర్చిన ఫైలది.

దీంట్లో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే: బాడ్ రేట్ (సీరియల్‌లో డేటా వెళ్లే వేగం) గొడవ లేదు. మినీకామ్‌లో (సీరియల్ పోర్టులో వచ్చేది చూపించే ప్రోగ్రాం) 9600 పెట్టినా, 115200 పెట్టినా, పావు కిలో మైసూర్‌పాక్‌కి 0.250 అనే వచ్చింది. పారిటీ ఏంటి, స్టాప్ బిట్లు ఎన్ని అనే మిగతా సీరియల్ సెట్టింగుల టెన్షనే లేదు.

చేర్చడం కూడా నాలుగైదు లైన్ల పనే. ఆ నాలుగైదు లైన్లే నా ఆదివారం మింగేశాయి. నంబర్లు రాశాను, డ్రైవర్ల వరసలో మిషన్ పేరు చేర్చాను, మాడ్యూల్‌ని (బిల్డ్ చేసిన డ్రైవర్ ఫైలు) లోడ్ చేశాను. ‘యూఎస్‌బీ సీరియల్ సపోర్ట్ రిజిస్టర్డ్’ అని మా మిషన్ పేరుతో సహా వచ్చింది. కేబుల్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, పీసీ రీస్టార్ట్ చేశాను. “ఒరేయ్, ఇవాళ్టికి పాత కాటాతో కానిచ్చేద్దాం” అని బాబాయి నాలుగుసార్లన్నా అనుంటాడు. సాయంత్రానికి కనబడింది. ఫైలు కింద అన్ని పరికరాల నంబర్లూ కలిపి ఇంకో పట్టిక ఉంది. యూఎస్‌బీ వైపు నుంచి పరికరాన్ని గుర్తుపట్టేది దాన్ని చూసే. అందులో నేను రాయలేదు. పెళ్లికొడుకు పీటల మీదున్నాడు, పెళ్లికూతురి ఇంటికి కబురే వెళ్లలేదు. ఒక్క లైన్ రాస్తే టీటీవై యూఎస్‌బీ సున్నా, అంటే మా మిషన్ పోర్టు, ప్రత్యక్షం.

బాడ్ రేట్ గొడవ లేదన్నాను కదా, అది మా మిషనే ఆ వేగాన్ని పట్టించుకోదు కాబట్టి. తర్వాత తెచ్చిన రెండో మిషన్‌లో నిజమైన సీరియల్ చిప్ ఉంది. దాన్నీ ఇదే డ్రైవర్‌కి తగిలిస్తే అంకెల బదులు చెత్త వచ్చింది, ఎందుకంటే చిప్‌కి వేగం చెప్పే పని ఈ డ్రైవర్ చెయ్యదు. దాని చిప్‌కి ఉన్న డ్రైవర్‌తోనే అది నడిచింది.

ఇంకొకటి, కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ నా మాడ్యూల్ మళ్లీ బిల్డ్ చెయ్యాలి. నేనుండేది రెండు వీధుల అవతలే కాబట్టి వెళ్లి చేసొస్తున్నాను. షాపు అనంతపురంలో ఉండుంటే ఈ పని పెట్టుకునేవాణ్ణి కాదేమో. ప్యాచ్‌ని (నేను చేసిన మార్పుని) కెర్నల్ వాళ్లకి పంపి చేర్పిస్తే ఈ తిరుగుడు తప్పుతుంది. పంపాలి, బాబాయి మిషన్ మార్చేలోపు.