పీఆర్‌లిమిట్: ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను

లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లలో యూలిమిట్ తెలియనివాళ్లు ఉండరు. ఒక ప్రోగ్రామ్ ఎన్ని ఫైళ్లు తెరవొచ్చు లాంటి పరిమితులు చూపించే కమాండ్ అది. నేనూ మొదట్లో దాన్నే నమ్ముకున్నాను. ఒక రాత్రి జరిగిన దాంతో ఆ నమ్మకం పోయింది. నడుస్తున్న ప్రోగ్రామ్ (ప్రాసెస్) పరిమితులను చూపించే, మార్చే పీఆర్‌లిమిట్ కమాండ్‌కి మారాను.

అప్పట్లో నేను పనిచేసే చోట, మేమే రాసుకున్న ఒక పైథాన్ సర్వీసు ఉన్నట్టుండి కొత్త కనెక్షన్లు తీసుకోవడం మానేసింది. లాగ్ నిండా ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ (లినక్స్‌లో ప్రతి కనెక్షనూ ఒక తెరిచిన ఫైలు కిందే లెక్క). యూజర్ల పరిమితులు రాసిపెట్టే లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిస్తే 65536 అని ఉంది. ఆ యూజర్‌గా లాగిన్ అయి యూలిమిట్ కొట్టినా అదే అంకె. గంటన్నర తలలు పట్టుకున్నాక మా సీనియర్ ఒకాయన, “నీ షెల్‌ని అడిగితే ఏం లాభం? ఆ ప్రాసెస్‌నే అడుగు” అన్నారు. పీఆర్‌లిమిట్‌కి ప్రాసెస్ నంబరు ఇచ్చాను. సాఫ్ట్ (అమల్లో ఉన్న పరిమితి) 1024, హార్డ్ (దాన్ని పెంచుకోగల గరిష్ఠం) 4096!

లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లోని అంకెలు లాగిన్ అయ్యేటప్పుడు, లాగిన్లు చూసుకునే పామ్ ద్వారా అమలవుతాయి. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ లేపే సర్వీసు ఆ దారిన రాదు. దానికి ఆ సర్వీసు సెట్టింగులుండే యూనిట్ ఫైల్లో లిమిట్ నోఫైల్ (తెరిచే ఫైళ్ల పరిమితి) విడిగా రాయాలి. మేం రాయలేదు. ఆ రాత్రి మాత్రం సర్వీసు ఆపకుండానే, పీఆర్‌లిమిట్‌తోనే రూట్‌గా (అడ్మిన్‌గా) పరిమితి పెంచాం. కనెక్షన్లు మళ్లీ మొదలయ్యాయి. ఇలా పెంచింది రీస్టార్ట్‌తో పోతుంది కాబట్టి తెల్లారేలోపు యూనిట్ ఫైలు కూడా సరిచేశాం.

నడుస్తున్న ప్రాసెస్ చేతిలో నిజంగా ఏముందో చెప్పడమే పీఆర్‌లిమిట్ గొప్ప. 2012లో యుటిల్ లినక్స్ అనే ప్రాథమిక కమాండ్ల ప్యాకేజీ 2.21 వెర్షన్‌తో వచ్చింది కాబట్టి చాలా సర్వర్లలో ముందే ఉంటుంది. మొత్తం 16 పరిమితులు సాఫ్ట్, హార్డ్, కొలమానాలతో ఒకే పట్టికలో కనిపిస్తాయి. ఇది లేని చిన్న కంటైనర్లలో ప్రాక్ (ప్రాసెస్‌ల సమాచారం ఉండే చోటు) కింద ఆ ప్రాసెస్ ఫోల్డర్లోని లిమిట్స్ ఫైలు చదివినా చాలు.

సిస్టమ్‌డీ వెర్షన్ 240 నుంచి తెరిచే ఫైళ్ల హార్డ్ పరిమితి 524288కి పెరిగింది గానీ సాఫ్ట్ 1024 దగ్గరే ఉంచారు. సెలెక్ట్ అనే సిస్టమ్ కాల్ వాడే పాత ప్రోగ్రాములు అంతకు మించిన డిస్క్రిప్టర్లను (తెరిచిన ఫైళ్ల నంబర్లను) తట్టుకోలేవు మరి. అందుకే ఈరోజుకీ కొత్త సర్వీసు ఎక్కించగానే నేను ముందు చూసేది పట్టికలో ఈ ఫైళ్ల పరిమితి వరుసే.

లోపాలు లేకపోలేదు. పరిమితి ఎంతో చెబుతుంది, అందులో ఎంత వాడామో చెప్పదు. ప్రాక్‌లో ఆ ప్రాసెస్ తెరిచిన ఫైళ్లుండే ఎఫ్‌డీ ఫోల్డరు తెరిచి మనమే లెక్కపెట్టుకోవాలి. స్టాక్ సైజును యూలిమిట్ 8192 కిలోబైట్లు అంటే ఇది 8388608 బైట్లు అంటుంది. నిద్రమత్తులో ఈ రెండూ ఒకటేనని తట్టదు. ఆర్ఎస్ఎస్ (ప్రాసెస్ వాడే ర్యామ్) వరుస ఇంకా చూపిస్తూనే ఉంటుంది గానీ ఇప్పటి లినక్స్ కెర్నళ్లలో ఆ పరిమితి పనిచేయదు. దాన్ని నమ్మి మెమరీ కట్టడి చేశామనుకుంటే మోసపోతాం. అన్నిటికంటే పెద్ద లోటు, సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకి పెట్టే) పరిమితులు ఇందులో కనిపించకపోవడం. మెమరీ దాటి కెర్నల్ చంపేసిన ప్రాసెస్‌కి ఇక్కడ అన్నీ ‘అన్‌లిమిటెడ్’ అనే ఉండొచ్చు. అలాంటప్పుడు సిస్టమ్‌డీ కమాండ్ సిస్టమ్‌సీటీఎల్ షోతో మెమరీ మ్యాక్స్ చూస్తాను.

కొత్తగా వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కోలన్ లేకుండా ఒకే అంకె ఇస్తే సాఫ్ట్, హార్డ్ రెండూ మారిపోతాయి. మామూలు యూజర్‌గా హార్డ్ తగ్గించారంటే మళ్లీ పెంచడానికి రూట్ దగ్గరికే వెళ్లాలి. సాఫ్ట్ ఒక్కటే మార్చాలంటే అంకె తర్వాత కోలన్ పెట్టండి.